‘ఆగు’ లేని మెట్టు

“మీ ఆయనే బెల్ ఆపేసి లోపలికి పోయాడమ్మా. దీనికింత దర్యాప్తు దేనికి?” అన్నాడు టైబాబు, కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి.

 నోరు తెరిస్తే మాటకన్నా ముందు ఏడుపొస్తుందని మేనకోడలికి తెలుసు. చంకలోని చంటాడిని మరోసారి పైకి ఎగదోసుకుని మేనత్త వైపు చూసింది.

మేనత్త ఆ మాట తనకు వినపడనట్టే గోడకున్న బెల్‌ను చూస్తోంది. చాలా ఏళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున యంత్రాల ప్రమాదాల కూపీ లాగి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆవిడ. టైబాబు ఒకప్పుడు ఆవిడ కిందే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీకి పెద్ద ఆఫీసరు. ‘నేను నేర్పినవన్నీ మరిచిపోయాడు, టై కట్టుకోవడం ఒక్కటే సొంతంగా నేర్చుకున్నాడు’ అనేది మేనత్త. ఆ పేరు పెట్టిందీ ఆవిడే.

ఇది ఐస్ ఫ్యాక్టరీ. పోయిన వారం కంప్రెసర్ గదిలో అమ్మోనియా గ్యాస్ లీకైంది. ఆ సమయంలో డ్యూటీలో ఉన్నది ఆపరేటరు, అంటే మేనకోడలి భర్త. గ్యాస్ లీకైతే కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటర్ దాన్ని పసిగట్టి బెల్ మోగించాలి. బెల్ మోగలేదు. అతన్ని ఆ గదిలోంచి బయటికి లాగేసరికి స్పృహ లేదు. ఇప్పటికీ లేదు. ఆసుపత్రిలో గాజు తలుపు అవతల గొట్టాల మధ్య పడుకుని ఉన్నాడు. అత్తగారు అక్కడ కాపలా. చంటాడిని వదిలిపెట్టడానికి ఇంకెవరూ లేక మేనకోడలు వాడిని చంకనేసుకునే వచ్చింది.

సాయంత్రానికి టైబాబు తన రిపోర్టు మీద సంతకం పెడతాడు. ‘తప్పు ఆపరేటరుదే’ అని రాశాడంటే ఇక అంతే. తన భర్త కళ్లు తెరిచేసరికి మంచం పక్కన పోలీసు కూర్చుని ఉంటాడు. అసలు కళ్లు తెరిస్తే! ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె చంటాడి అరికాలు గట్టిగా పట్టుకుంటోంది. అది వెచ్చగా ఉంటే ఏదో ధైర్యం.

“ఆపేశాడని నీకెవరు చెప్పారు నాయనా?” అంది మేనత్త, ఇటు తిరగకుండానే.

“ఎవరు చెప్పాలి మేడమ్? ప్రోగ్రాంలో ‘బెల్ ఆపు’ అని మీట ఉంది. అది నొక్కే వీలు ఆపరేటరుకే ఉంది. మనిషి తీరూ అంతంతమాత్రమే. పోయిన నెల ఇరవై నుంచి మూడు రోజులు చెప్పాపెట్టకుండా మానేశాడు. బాధ్యత లేని మనిషి బెల్ గోల భరించలేక ఆపేసుకున్నాడు. ఇందులో అర్థం కానిది ఏముంది?”

“చెప్పాపెట్టకుండా కాదండీ…” అని మేనకోడలు అందుకోబోయింది.

“నువ్వుండవే. తర్వాత చెబుదువుగాని.” మేనత్త మేనేజరు వైపు తిరిగింది. “మీరేమంటారు?”

మేనేజరు నడివయసు మనిషి. చేతులకు గ్రీజు, చొక్కా జేబులో స్పానరు. మర్యాదస్తుడు. వచ్చినప్పటి నుంచీ మేనకోడలిని ‘అమ్మా’ అనే పిలుస్తున్నాడు. ఇల్లు గడవడం కష్టమవుతుందని ఆమె మరిదిని, ఆపరేటరు తమ్ముడినే, అన్న స్థానంలో పనిలోకి తీసుకున్నదీ ఆయనే. ఇవాళే మొదటి రోజు. ఆ కుర్రాడూ అక్కడే, మేనేజరు వెనక నిలబడి అంతా చూస్తున్నాడు.

“నేనేం చెప్పగలనండీ. వాల్వులు, పైపులు అడగండి, కళ్లు మూసుకుని విప్పి బిగిస్తాను. కంప్యూటర్ మాత్రం నాకు ఓనమాలు కూడా రావు. పాత ఇంజినీరు గారు ఏనాడో రాసిన ప్రోగ్రాం అది. ఆయన పోయారు. పాత కంప్యూటర్ చెడిపోతే కొత్త దాంట్లోకి మార్పించాం. అంతవరకే నాకు తెలుసు.”

“కంప్రెసర్ మళ్లీ నడుపుతున్నారే?”

“నడపకపోతే గిడ్డంగిలో ఐసంతా నీళ్లయిపోతుందండీ. లోపల ఒక వాల్వు దగ్గర చెమ్మగా ఉంది. మీరు కానివ్వండి, కుర్రాడిని తీసుకెళ్లి కాస్త బిగించి వస్తాను.”

“ఒక్క నిమిషం. ముందు బెల్ సంగతి తేలాలి.”

మేనత్త సంచిలోంచి చిన్న సీసా తీసింది. అమ్మోనియా కలిపిన నీళ్లు. కంట్రోల్ రూమ్ బయట వరండాలో, కంప్రెసర్ గది తలుపు పక్కన, గ్యాస్ పసిగట్టే డబ్బా ఒకటుంది. అలాంటిదే ఇంకొకటి గది లోపల ఉంది. ఆవిడ వరండాలో డబ్బా కింద సీసా మూత తీసి పట్టుకుంది. ఘాటుకు చంటాడు తుమ్మి ముఖం తిప్పుకున్నాడు.

గోడ మీద బెల్ ‘ట్రి’ అంది. అంతే, ఊరుకుంది.

మేనకోడలి ఒళ్లు జలదరించింది. “అత్తా! ఇదే. ఇదే చప్పుడు!”

“ఏం చప్పుడే?”

“ఆ రోజు ఫోన్లో ఉన్నాం. బాబుకి పాలు తాగించావా అని అడుగుతున్నారు. వెనక నుంచి ఇలాగే, గొంతు నులిమేసిన పిచుకలా ఒక్క కూత వినపడింది. ‘ఏంటది?’ అన్నాను. ‘ఏమో, ఏం లేదు, ఉండు చూసొస్తా’ అని పెట్టేశారు. పోలీసు ఇన్‌స్పెక్టర్‌తోనూ చెప్పాను, ఈయనతోనూ చెప్పాను. ఎవరూ రాసుకోలేదు.”

మేనత్త సీసా మూత బిగించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేసింది. చంటాడి ముక్కు దగ్గర నుంచి దూరంగా జరిగింది.

“విన్నావా బాబూ? ‘బెల్ ఆపు’ నొక్కి ఉంటే అసలు కూతే రాకూడదు. ఇది మోగింది, వెంటనే ఎవరో పీక నొక్కారు. మీట పనీ కాదు, ఆపరేటరు పనీ కాదు.”

టైబాబు టై సర్దుకున్నాడు. “అయితే ప్రోగ్రాంలో లోపం. పాత ఇంజినీరు రాసింది. చనిపోయిన మనిషి మీద కేసు పెడతారా?”

“చనిపోయినవాళ్ల మీద నెట్టేయడం నీకు భలే సుఖం. పిలువు ఆ ప్రోగ్రాం మార్చిన అబ్బాయిని.”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “మీరు మాట్లాడుకోండి. నేను వాల్వు పని చూసుకుంటాను. మళ్లీ టెస్టు చేసుకున్నా ఫర్వాలేదు, బెల్ మోగినా మేం పట్టించుకోంలెండి.” మరిదిని భుజం తట్టి తీసుకెళ్లాడు. మరిది వెళ్తూ వెళ్తూ చంటాడి బుగ్గ గిల్లి, “వదినా, భయపడకు. అన్నయ్య పేరు నేను నిలబెడతాగా” అని నవ్వాడు. కంప్రెసర్ గది బరువైన తలుపు వాళ్ల వెనక మూసుకుంది.

*

బయట బెంచీ మీద కాచుకుని ఉన్న ప్రోగ్రామరు లాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని లోపలికొచ్చాడు. కళ్ల కింద నల్లటి వలయాలు. ప్రమాదం జరిగినప్పటి నుంచీ నిద్ర లేనట్టుంది.

“నేనే చంపానేమో అనిపిస్తోంది మేడమ్,” అన్నాడు కూర్చోకముందే.

“ఎవరూ చావలేదు,” అంది మేనకోడలు గట్టిగా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“అదీ మాట. కూర్చో బాబూ. నువ్వేం చేశావో మా అమ్మాయికి అర్థమయ్యేట్టు చెప్పు. ఆమెకు అర్థమైతే నాకూ అవుతుంది, ఆఖరికి ఈ టైకి కూడా అవుతుంది.”

ప్రోగ్రామరు పెదాలు తడుపుకున్నాడు. “మనం రాసింది మిషనుకి అర్థమయ్యేలా మార్చే పనిముట్టు ఒకటి ఉంటుందమ్మా. కంపైలర్ అంటారు. పాత ఇంజినీరు గారు వాడిన కంపైలర్ పాతకాలపు నౌకరు లాంటిది. ఏం చెప్పినా ‘చిత్తం’ అని చేసేస్తుంది. ఇప్పటివి అలా కాదు. ‘ఇదేంటి, ఇలా రాశావు? ఈ లెక్క ఇందులో పట్టదే? ఈ పెట్టెలో ఏమీ పెట్టకుండానే తెరుస్తున్నావే?’ అని ప్రతిదానికీ నిలదీస్తాయి. వాటినే వార్నింగులంటాం. పాత ప్రోగ్రాంని కొత్త దాంట్లో పెట్టగానే స్క్రీన్ మీద వాన కురిసింది.”

“నువ్వేం చేశావు? గొడుగేసుకున్నావా?”

“లేదు మేడమ్. చాలామంది అదే చేస్తారు. వార్నింగులు కనపడకుండా ఆపేసి ప్రోగ్రాం చేతిలో పెట్టేస్తారు. ఇది మనుషుల ప్రాణాలకి సంబంధించింది కదా అని నేను ఒక్కోదానికీ సమాధానం వెతికాను. ఆఖర్న ఇంకో నియమం పెట్టాను. ఒక్క వార్నింగ్ మిగిలినా సరే, ప్రోగ్రాం తయారు కానే కాదు. నా తర్వాత ఎవరు ముట్టుకున్నా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలని.”

“ఆ నియమం ఇంకా ఉందా?”

“ఉంది. ఇప్పుడే చూశాను.”

“అయితే బెల్ గురించిన చోటు తియ్యి.”

అతను కంట్రోల్ రూమ్ కంప్యూటర్లో ఫైలు తెరిచాడు. కిందికి జరుపుతూ జరుపుతూ ఒక్కసారి వేలు ఆపేశాడు. లాప్‌టాప్‌లో తన దగ్గరున్న ప్రతిని తీసి పక్కపక్కన పెట్టాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఇది నేను రాయలేదు మేడమ్.”

“ఏది?”

“మెట్లనుకోండి. గ్యాస్ ఎంతుందో చూసి ప్రోగ్రాం ఒక మెట్టు మీద నిలబడుతుంది. ‘గ్యాస్ లీకైంది, బెల్ మోగించు’ అని ఒక మెట్టు. దాని కింద ‘గ్యాస్ పోయింది, బెల్ ఆపు’ అని ఇంకో మెట్టు. ప్రతి మెట్టు చివరా ‘ఆగు’ అని ఉండాలి. అది లేకపోతే ప్రోగ్రాం అక్కడ నిలవదు, జారి కింది మెట్టు పని కూడా చేసేస్తుంది. నా ప్రతిలో చూడండి, ‘ఆగు’ ఉంది. ఇక్కడ లేదు.”

“మోగించు అన్న మరుక్షణమే ఆపు అంటోంది,” అంది మేనత్త నెమ్మదిగా. “అందుకే ఒక్క కూత.”

“సరే, పాతాయన మరిచిపోయాడు. నేనన్నదే కదా,” అన్నాడు టైబాబు. “నీ లాప్‌టాప్‌లో ఉన్నది సాక్ష్యం కాదయ్యా. కిందటి రాత్రి నువ్వే దిద్దుకుని ఉండొచ్చు.”

 మేనత్త స్క్రీన్‌కు ఇంకా దగ్గరగా వంగింది. “ఆగు ఉండాల్సిన చోట ఇంకేదో మాట ఉందే. ఇదేంటి?”

“ఫాల్‌త్రూ. ‘ఆగు’ లేకపోతే కొత్త కంపైలర్ ఊరుకోదు మేడమ్. ‘కిందికి జారిపోతోంది, చూసుకున్నావా?’ అని వార్నింగ్ ఇస్తుంది. కొన్నిచోట్ల నిజంగానే జారాలి. అలాంటప్పుడు ఈ మాట రాస్తాం. ‘తెలిసే జారనిస్తున్నాను’ అని దానర్థం. అప్పుడది నోరు మూసుకుంటుంది.”

“తెలిసే,” అంది మేనత్త.

మేనకోడలు ప్రోగ్రామరు కూర్చున్న కుర్చీ వైపు చూసింది. మరిచిపోవడం వేరు. ఎవరో ఈ కుర్చీలో కూర్చుని, యంత్రమే స్వయంగా ‘చూసుకున్నావా?’ అని అడిగితే, చూసుకునే చేస్తున్నాను అని బదులిచ్చారు.

“బాబూ, పాత నౌకరు ఉన్నాడా నీ దగ్గర? ఆ పాతకాలపు కంపైలర్?”

“ఉంది. పోల్చి చూసుకోవడానికి లాప్‌టాప్‌లో దాచుకున్నాను.”

“ఈ ఫైలు దానికి పెట్టు. ఈ టై చూస్తుండగానే.”

ప్రోగ్రామరు ఫైలును లాప్‌టాప్‌లోకి తెచ్చి మీట నొక్కాడు. ఒక్క క్షణం. స్క్రీన్ మీద ఎర్రగా ఒక వరుస వచ్చి ఆగిపోయింది.

“మింగలేకపోయింది,” అన్నాడు, అతనికే నమ్మకం కలగనట్టు. “ఈ మాట అప్పటికి పుట్టనే లేదు మేడమ్. పాత కంపైలర్‌కి ఇదేంటో తెలియదు. ఈ వరుస ఉండగా దాంతో ప్రోగ్రాం తయారవ్వడం జరగని పని.”

మేనత్త నడుము నిటారుగా చేసింది. “ఏం నాయనా? పాత ఇంజినీరు ఈ వరుస రాసి ఉంటే అన్నేళ్లూ ఈ ఫ్యాక్టరీలో ప్రోగ్రామే నడిచేది కాదు. వార్నింగ్ ఇచ్చే పనిముట్టు వచ్చాకే ఆ వార్నింగ్‌కి జవాబు పుట్టింది. చనిపోయినవాడిని ఇక వదిలెయ్. ఇది బతికున్నవాడి పని.”

టైబాబు రిపోర్టు మూసి పక్కన పెట్టాడు. అది చూసి మేనకోడలికి ఊపిరి ఆడింది. కాని అతను వంకరగా నవ్వేసరికి అది మళ్లీ ఆగింది.

“బ్రహ్మాండం మేడమ్. నా రిపోర్టు మీరే గట్టి చేశారు. ఈ కంప్యూటర్ తెరవగలిగేది ఇద్దరు. ఒకరు మేనేజరు, ఆయనకి ఓనమాలు రావు. రెండోవాడు రోజంతా దీని ముందే కూర్చునే ఆపరేటరు. మతిమరుపు కాదు, నిర్లక్ష్యమూ కాదు. తెలిసే చేశాడు. ఇప్పుడు రాయాల్సింది వేరే సెక్షన్.”

“అయ్యో, కాదండీ!” మేనకోడలు ఒక చేత్తో బల్ల పట్టుకుంది. “ఆయనకి రాదండీ, ఫోన్లో బొమ్మ పంపడమే నేను నేర్పాను…”

“భార్య మాట సాక్ష్యానికి పనికిరాదమ్మా.”

“పనికిరాదు, నిజమే,” అంది మేనత్త. ఆవిడ గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. మేనకోడలికి తెలుసు, ఆవిడ గొంతు మెత్తబడిందంటే ఎదుటివాడికి మూడినట్టే. “బాబూ, ఈ ఫైలు చివరిసారి ఎప్పుడు మార్చారు?”

“పోయిన నెల ఇరవై ఒకటి. మధ్యాహ్నం.”

“నువ్వు ఎప్పుడు అప్పజెప్పి వెళ్లావు?”

“అదే నెల అయిదున. మళ్లీ ఇటు రాలేదు. గేటు దగ్గర అడగండి.”

“ఇప్పుడు చెప్పవే అమ్మాయ్, ఇందాక నేను నోరు మూయించాను కదా. ఇరవై నుంచి మూడు రోజులు మీ ఆయన ఎక్కడున్నాడు?”

“ఆసుపత్రిలో! బాబుకి జ్వరం నూట నాలుగు. ఫిట్స్ వచ్చాయి. మూడు రోజులూ వాడి మంచం దగ్గర నుంచి కదల్లేదు. మేనేజరు గారికి ఫోన్ చేసి చెప్పే మానేశారత్తా. నా ఎదురుగానే చేశారు.”

“భార్య మాట వద్దులే. ఇన్సూరెన్స్ ఆఫీసరు మాట పనికొస్తుందిగా?” మేనత్త టైబాబు మీదికి వంగింది. “ఇరవై నుంచి మూడు రోజులు ఆపరేటరు ఫ్యాక్టరీలో అడుగు పెట్టలేదని ఇందాక నీ నోటితో నువ్వే చెప్పావు. బాధ్యత లేనివాడని. ఆ మాట నీకెవరు చెప్పారు? చెప్పాపెట్టకుండా మానేశాడని?”

టైబాబు చేయి టై ముడి మీద ఆగిపోయింది.

“మేనేజరు,” అన్నాడు.

“ఓనమాలు రావన్నాడు,” అంది మేనత్త ప్రోగ్రామరుతో.

“ఎవరికి? ఆయనకా?” ప్రోగ్రామరు తెల్లబోయాడు. “నేను పని చేసినన్నాళ్లూ నా పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు మేడమ్! ఈ వార్నింగ్‌కి ఏం రాశావు, దానికేం రాశావు అని ప్రతిదీ అడిగేవాడు. పాపం, నేర్చుకోవాలని ఆశ అనుకున్నాను. బెల్ మోగినప్పుడల్లా యంత్రం ఆపాల్సి వస్తోంది, దాన్ని కాస్త చూడమని రెండుసార్లు అడిగాడు కూడా. నేను కుదరదన్నాను.”

“చెప్పలేదేం?”

“ఎవరూ అడగలేదు మేడమ్. అందరూ నన్నొక్కటే అడిగారు, ప్రోగ్రాం నువ్వే చెడగొట్టావా అని.”

 మేనకోడలు కంప్రెసర్ గది వైపు తిరిగింది. అమ్మా అని పిలిచిన మనిషి. ఆసుపత్రికి పళ్లు తెచ్చిన మనిషి. మరిది చేయి పట్టుకుని…

“అత్తా, మా మరిది ఆయనతోనే ఉన్నాడు.”

“తెలుసే. ముందు బెల్ బాగవ్వాలి. ఇప్పుడున్నది చెవిటి బెల్. బాబూ, ఎంతసేపు?”

“రెండు నిమిషాలు.” ప్రోగ్రామరు ఫాల్‌త్రూ అన్న మాట చెరిపేసి, దాని చోట ‘ఆగు’ అనే ఆజ్ఞ రాశాడు. కంపైలర్ తన పని తాను చేసుకుపోయింది. ఒక్క వార్నింగ్ కూడా లేదు. పాత ప్రోగ్రాం మూసి కొత్తది తెరిచాడు. “అయిపోయింది మేడమ్. మీరు వరండాలోకి వెళ్లి సీసా మూత తీయండి, టెస్టు…”

బెల్ మోగింది.

ఒక్క కూత కాదు. గోడలు అదిరేటట్టు, ఆగకుండా, గుక్కపట్టిన పసివాడిలా మోగుతోంది. చంటాడు ఉలిక్కిపడి దాంతో పోటీగా అందుకున్నాడు.

“పనిచేస్తోంది!” టైబాబు చెవులు మూసుకుని అరిచాడు. “ఇక చాలు మేడమ్, మూత పెట్టండి!”

మేనత్త చేతిలో కవరు ఎత్తి చూపించింది. ముడి వేసినట్టే ఉంది.

“నేనింకా తియ్యలేదయ్యా.”

ప్రోగ్రామరు స్క్రీన్ వైపు తిరిగాడు. వరండా డబ్బా ఎదురుగా సున్నా. కంప్రెసర్ గది ఎదురుగా అంకె, చూస్తుండగానే పెరుగుతోంది.

మేనకోడలు చంటాడిని ప్రోగ్రామరు ఒళ్లో పడేసి, మేనత్త చేతిలోంచి కవరు లాక్కుని పరుగెత్తింది. కంప్రెసర్ గది తలుపుకు మధ్యలో గాజు బిళ్ల. రెండు చేతులతో బాదింది. లోపల దూరంగా, పైపుల మధ్య మరిది తలెత్తాడు. ఆమెను చూసి నవ్వాడు. బెల్ వైపు వేలు చూపించి, టెస్టు కదా, తెలుసులే అన్నట్టు చేయి ఊపి మళ్లీ వంగాడు.

“టెస్టు కాదురా! రా! బయటికి రా!” ఆ బెల్ మోతలో ఆమె అరుపు ఆమెకే వినపడలేదు. తలుపు లాగింది. బరువుకు వేళ్లు జారిపోయాయి. మళ్లీ బాదింది, ఈసారి సీసాతో. మరిది విసుగ్గా తలెత్తాడు. ఆమె ముడేసిన కవరును గాజుకు ఆనించి పట్టుకుంది. సీసా. మూత. ముడి.

మరిది చూపు ముడి మీద నిలిచింది. ముఖంలో విసుగు పోయింది. స్పానరు వదిలేసి వెనక్కి తిరిగి ఏదో అరిచాడు, ఒక అడుగు లోపలికి వేశాడు, దగ్గు తెరలో తూలి, అప్పుడు తలుపు వైపు పరుగెత్తాడు.

మేనత్త, టైబాబు కలిసి తలుపు లాగేసరికి అతను బయటికి వచ్చి పడ్డాడు. అతనితోపాటు కళ్లు మండించే ఘాటు. తలుపు మళ్లీ మూసుకుంది.

“వదినా…” కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు. “ఆయన రాలేదు. నాకంటే లోపలున్నాడు. ‘టెస్టేరా, పారిపోతావేం పిరికివాడా’ అన్నాడు. ఇప్పుడు పలకడం లేదు.”

మేనకోడలు మరిది తలను ఒళ్లోకి తీసుకుంది. అతని ఛాతీ ఎగిరిపడుతోంది. బతికున్నాడు, బతికున్నాడు. ఆ గాజు అవతల ఉన్నవాడు పోతే పోనీ అనుకుంది. అలా అనుకున్నందుకు భయం కూడా వేయలేదు.

గోడకున్న గాజు పెట్టెలో గ్యాస్ మాస్కులు రెండున్నాయి. మేనత్త ఒకటి తనకు తగిలించుకుని, రెండోది టైబాబు చేతిలో పెట్టింది.

“మేడమ్, అతను చేసినదానికి…”

“చేసింది తనేనని చెప్పగల నోరు లోకంలో అదొక్కటే. అది మూతపడితే నువ్వు సాయంత్రం ఏం రాస్తావో నాకు తెలుసు.” ఆవిడ తలుపు పిడి మీద చేయి వేసి, మేనకోడలి వైపు ఒక్కసారి చూసింది. “నీ మొగుడి కోసమేనే. పద నాయనా, లాగు.”

టైబాబు టై ఊడదీసి నేల మీద పడేశాడు. తలుపు లాగాడు.